ఒంటిపోగు ఎవరి కొడుకు?

గురువు శాపమా? ఎవరు చెప్పారమ్మా నీకు, ఒంటిపోగుకి గురువున్నాడని?

మళ్లీ చదువు. కాదులే, వద్దు, ఒకసారి విన్నది చాలు. సంతకం దాటి నాకు అక్షరం రాదని, నువ్వు రాసుకొచ్చి ఏం చదివినా తలూపుతాననుకున్నావేమో. కంటికి రాదు గానీ చెవికి వచ్చు. మా అమ్మ చెప్పిన కథలో ఒక్క మాట పక్కకి జరిగినా ఇక్కడ గుచ్చుకుంటుంది నాకు.

ముందా ఫ్యాను వెయ్యి.

వెయ్యకూడదా? శబ్దం పడుతుందా? బాగుంది. గోడల నిండా పరుపుల్లో పెట్టే స్పాంజీ అంటించావు, కిటికీలు మూశావు, ఫ్యాను ఆపావు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని కూర్చోబెట్టి కథ చెప్పమంటున్నావు. కింద బట్టల కొట్లో చీరలకి ఏసీ పెట్టారు, వచ్చేటప్పుడు చూశాను. గవర్నర్‌పేటలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పెడనలో ఆరింటి బస్సెక్కి వచ్చాను నీకోసం.

నీకోసమేలే. జ్ఞానేశ్వర్ కూతురివి. నా మనవరాలివి. ఆ ముక్క నోటితో అనడానికి నాకు ఇరవై ఆరేళ్లు పట్టింది, అది వేరే సంగతి.

సరే, చెబుతాను విను. నీ ఫోనులో జనం వినే కథకి పన్నెండు భాగాలు కావాలన్నావు. పాత కథే, కొత్తగా చెప్పాలన్నావు. చెప్పుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ ముందు అసలు కథ సరిగ్గా విను. మీ నాన్న చెప్పింది కాదు, మా అమ్మ చెప్పింది.

కాటుక రాక్షసుడు పగటిని చాప చుట్టినట్టు చుట్టేసి, ఏడో ఆకాశం అటకమీద దాచేశాడు. లోకమంతా చీకటి. వండుకునేవాళ్లకి అన్నం కనపడదు, నేసేవాళ్లకి పోగు కనపడదు. అప్పుడొచ్చాడు ఒంటిపోగు. ఒక చెవికే పోగుంటుంది, రెండో చెవి బోసి. అందుకే ఆ పేరు. చీకట్లోనే మగ్గం వేశాడు. నేస్తూ నేస్తూ పోతే ఆ గుడ్డ పైకి లేచింది, మెట్లు మెట్లుగా. గుడ్డమీదే నడుచుకుంటూ పోయాడు. ఒక్కో ఆకాశం దగ్గర ఒక కాపలావాడు. 'ఎవరి కొడుకువిరా?' అని అడుగుతాడు. వీడు పలకడు. బోసి చెవి తడుముకుంటాడంతే. అప్పుడు మా అమ్మ మావైపు చూసేది, మేమంతా ఒక్క గొంతుతో అనాలి: 'ఎవరి కొడుకో ఎవరికీ తెలీదు.' ఏడు ఆకాశాలకి ఏడుసార్లు.

చివర్న, అటక అందే వేళకి, నూలు అయిపోయింది. ఇంకొక్క పోగు ఉంటే చాలు. కిందికి చూశాడు. ఇచ్చేవాళ్లు లేరు. తనే పోగై, పేక నేసే నాడెలోకి దూరాడు. గుడ్డ పూర్తయింది, పగలు కిందికి దొర్లింది. వాడు మాత్రం లేడు. తెల్లారేటప్పుడు తూర్పున సన్నగా ఒక గీత కనపడుతుందే, అది వాడే.

అంతే కథ. అందులో గురువెక్కడున్నాడు?

ఏమిటీ, వినేవాళ్లు ఊరుకోరా? ఎందుకు పోయాడు, ఎవరిమీద కోపంతో పోయాడు, చిన్నప్పుడేం జరిగిందో చెప్పమంటారా? బ్యాక్ స్టోరీ. ఆ మాట పొద్దుట్నించి పదిసార్లన్నావు. మా రోజుల్లో కథకి వెనకా ముందూ ఉండేవి కావమ్మా. మనిషి వచ్చాడు, పని చేశాడు, పోయాడు. వినేవాడికి చేతిలో పనుండేది, ఇన్ని ప్రశ్నలు వేసే తీరిక లేదు.

ఆ రాజకుమారిని ప్రేమించాడని రాసుకున్నావు చూడు రెండో కాగితంలో, అది కొట్టెయ్యి. ప్రేమించినవాడు ఎవరో ఒకరికి చెప్పుకుంటాడు. వీడు ఏడు గుమ్మాల దగ్గరా నోరు విప్పలేదు. సవతితల్లి అన్నం పెట్టలేదన్నావు, అదీ కొట్టెయ్యి. అన్నం పెట్టనివాళ్లమీద కోపం వస్తుంది, వీడిది కోపం కాదు. ఇక గురువు. మగ్గం దగ్గర గురువెక్కడి నించి వస్తాడే? మగ్గం నేర్పేది తండ్రి.

తండ్రి.

నీళ్లు ఇటివ్వు.

నేను ఇంత పట్టింపు మనిషినని నీకు మీ నాన్న చెప్పే ఉంటాడు. అవును, పట్టింపే. ఎనభై మూడులో చేనేత సొసైటీ గుమాస్తా వెంకటకృష్ణారావు నా చీర కొలిచి బెత్తెడు తగ్గిందన్నాడు. తగ్గలేదు. వాడి గజంకర్రే కాస్త పొడుగు. నలుగురిలో అన్నాడు ఆ మాట. వాడిల్లు మా ఎదురే. ఈ రోజుకీ వాడితో మాట లేదు. పోయినేడు వాడికి పక్షవాతం వచ్చింది, అరుగుమీద కుర్చీలో కూర్చోబెడుతున్నారు, నాకేసి చూస్తూ ఉంటాడు. నేను చూడను. నా చేతిలో తప్పు పోదు, పోయిందన్నవాణ్ణి నేను వదలను.

నవ్వకు.

ఏమన్నావ్? మళ్లీ అను. మీ నాన్న చెప్పిన కథలో ఒక మాట ఎక్కువుందా?

నూలు అయిపోయినప్పుడు... కిందికి చూసి... ఏమని పిలిచాడు?

'నాన్నా' అనా?

లేదు. ఆ మాట మా అమ్మ కథలో లేదు. నేను నీ తండ్రికి చెప్పిన కథలోనూ లేదు. వంద అచ్చులు అతికేటప్పుడు వందసార్లు చెప్పాను వాడికి, ఒక్కసారీ ఆ మాట లేదు. వాడు కలిపాడు. ఎప్పుడు కలిపాడు? నీ చిన్నప్పటి నించీ అలాగే చెప్పాడా? నిద్రపుచ్చేటప్పుడు?

ఆ రికార్డింగు ఆపు కాసేపు, ఆ ఎర్ర దీపం ఆరిపోవాలి.

అచ్చు అతకడం నువ్వు చూడలేదు కదూ. మగ్గంమీద పాత పడుగు అయిపోవస్తుందా, ఆ కొసలు కోసెయ్యం, అలా ఉంచుతాం. కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసకి కొత్త పోగు కొస, వేళ్లకి బూడిద రాసుకుని మెలేసి అతకాలి. ఒక్కొక్కటీ. మూడు వేల పోగులు. కళ్లు పోతాయి, నడుం పోతుంది. అందుకే ఇద్దరం కూర్చుంటాం, ఒకరు కుడి అంచు నించి, ఒకరు ఎడమ అంచు నించి, మధ్యలో కలుస్తాం. నోరు ఊరుకోదుగా, కథ చెప్పుకుంటాం. ఒంటిపోగు కథ అందుకోసమే పుట్టింది మా ఇంట్లో. కథ అయిపోయేసరికి అతుకూ అయిపోవాలి.

తొంభై మూడు. గన్నవరం వాళ్ల పెళ్లిచీర మగ్గంమీదికి ఎక్కాలి. ముహూర్తం దగ్గరికొచ్చింది. కుడివైపు నేను, ఎడమవైపు జ్ఞానేశ్వర్. వాడికి ఇరవై. మీ నాయనమ్మ చౌడేశ్వరమ్మ పక్కనే కూర్చుని రాట్నంమీద కండెలు చుడుతోంది. పొద్దున మొదలుపెట్టాం, మూడింటికి మధ్యలో కలిశాం.

ఒక పోగు మిగిలింది.

పాతవైపు అన్నీ అయిపోయాయి, కొత్తవైపు ఒకటి వేలాడుతోంది. అంటే ఏమిటి? ఎవరో ఒకరు పాత పోగులు రెంటిని ఒకటనుకుని కలిపి పట్టి, ఒకే కొత్త పోగుకి అతికేశారు. మూడు వేలల్లో ఎక్కడో. ఎవరి వైపో తెలీదు.

నాకు తెలుసనుకున్నాను. నా చేతిలో తప్పు పోదుగా.

వాడు అన్నాడు, 'నాన్నా, ఒకసారి రెండు వైపులా చూద్దాం' అని. రెండు వైపులా. అంటే నా వైపు కూడా. ఆ మాట పట్టుకున్నాను నేను. ఇరవయ్యేళ్ల వెధవవి, నా వైపు చూస్తావా అన్నాను. నేను పోగు పట్టేనాటికి నువ్వు పుట్టలేదన్నాను. వాడు ఇంకోసారి అన్నాడు, మెల్లిగానే, 'చూస్తే తప్పేముంది నాన్నా' అని.

అప్పుడన్నాను.

ఏమన్నానో నీకు తెలుసు. ఇప్పుడే కథలో విన్నావు. ఆ వేలాడే పోగు పట్టుకుని వాడి మొహం ముందు ఊపి, 'నువ్వూ ఇంతేరా, ఒంటిపోగువి. ఎవరి కొడుకో ఎవరికీ తెలీదు' అన్నాను.

కథలో మాటే. పిల్లలు కేరింతలు కొడుతూ అనే మాట. కానీ వాళ్లమ్మ పక్కనే కూర్చుని ఉంది తల్లీ. రాట్నం ఆగిపోయింది.

వాడు వాళ్లమ్మ వైపు చూశాడు. తర్వాత లేచాడు. నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. 'పోతే పో, మా అమ్మ పెట్టిన పోగులు తీసి ఇక్కడ పెట్టి పో' అన్నాను. మా ఇంట్లో మగపిల్లలకి పెళ్లయ్యేదాకా చెవులకి పోగులుంచేవాళ్లం. ఒకటి తీశాడు. మగ్గంమీద పెట్టాడు. రెండోది రాలేదు. చిన్నప్పుడు పెట్టిందేమో, మర బిగుసుకుపోయింది. లాగాడు, నెత్తురొచ్చింది. అలాగే పోయాడు.

మీ నాన్న చెవికి ఒకటే పోగు ఎందుకుండేదని నువ్వెప్పుడూ అడగలేదా?

ఫ్యాషనని చెప్పాడా.

ఆ... ఫ్యాషనే.

ఈ ఊరే వచ్చాడు. ఈ గవర్నర్‌పేటలోనే ఎవరి కొట్లోనో చేరాడు, ఎవరో నేసిన చీరలు విప్పి చూపించి మడతలు పెట్టే పని. పెళ్లి చేసుకున్నాడు, నువ్వు పుట్టావు. మీ నాయనమ్మ నెలకోసారి దుర్గమ్మ దర్శనానికని బెజవాడ వచ్చేది. కొండ ఎక్కేదో లేదో అమ్మవారికే తెలియాలి. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ చీరకి చంటిపిల్ల పౌడరు వాసన వేసేది. నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఇరవయ్యేళ్లు పైన ఇద్దరం ఆ దర్శనం గురించే మాట్లాడుకున్నాం, క్యూ ఎంతుంది, ప్రసాదం బాగుందా అని. పులిహోర పొట్లం కూడా తెచ్చేది పాపం, నమ్మకం కుదరాలని.

ఆవిడ పోయినప్పుడు వాడొచ్చాడు. నేను వాకిట్లో ఇటు, వాడు అటు. పాడె నాలుగో కొమ్ము పట్టాడు. బోసి చెవి నావైపే ఉంది. పలకరిస్తాడేమోనని చూశాను. పలకరించాల్సింది నేనుగా, అయినా చూశాను.

ఇక బుడమేరు పొంగినప్పటి సంగతి. నీకు నేను చెప్పేదేముంది, ఆ మేడమీద నువ్వూ ఉన్నావు. సింగ్ నగర్‌లో మీ వీధి పీకల్లోతు నీళ్లలో ఉంటే, మీ అమ్మ నాగదుర్గ బీరువాలో చీరలన్నీ తీసి మీ నాన్న ముడేశాడంటగా. మీ మేడ నించి కరెంటు స్తంభానికి, అక్కడి నించి ఎదురింటికి. పదకొండు మందిని దాటించాడని చెప్పారు. రెండు రోజులు ఆ నీళ్లలోనే నిలబడ్డాడు. జ్వరం అక్కడే పట్టుకుంది, పది రోజుల్లో పోయాడు.

పదోరోజు కార్యానికి నేను వచ్చినప్పుడు మీ అమ్మ నాతో ఒకే మాటంది. ఏడుస్తూ కాదు, మామూలుగా. 'ఒక్క ముడి కూడా జారలేదండి మామయ్యగారూ' అంది.

ఆవిడకి ఏం తెలుసో నాకు తెలీదు. వాడు చెప్పే ఉంటాడు. లేకపోతే ముడి సంగతి ఎందుకు ఎత్తుతుంది?

ఒక్క ముడి జారలేదంట. వాడికి పోగు అతకడం రాదన్నది నేను.

ఏం తల్లీ, అంతేనా అంటున్నావా? పెద్దాయన నోరు జారాడు, కొడుకు రోషపడ్డాడు, అంతే కదా అంటున్నావు. నీకు పన్నెండు భాగాలకి సరిపోతుందది. మొదట్లో తండ్రి తిట్టాడు, చివర్న కొడుకు వీరుడయ్యాడు. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు.

కానీ నువ్వు అడిగింది అది కాదుగా. ఒంటిపోగు ఎందుకు పోయాడు అని అడిగావు. పోయినవాడు, తండ్రి ఒకసారి పిలిస్తే వచ్చేవాడు. ఆ తండ్రి ఎందుకు పిలవలేదు?

విను. ఇది మీ నాయనమ్మకి తప్ప ఎవరికీ తెలీదు, ఆవిడకీ నేను చెబితే తెలిసింది కాదు.

వాడు పోయిన మర్నాడు. అతుకులన్నీ మెల్లిగా ముందుకి జరిపి, దువ్వెనలాంటి అచ్చు పళ్లలోంచి ఇవతలికి లాగుతున్నాను. ఆ లాగడంలో బయటపడుతుంది తప్పు, రెంటికి కలిపి అతికింది రాదు, తెగుతుంది. తెగింది. టప్పున చప్పుడైంది. చిన్న చప్పుడే.

కుడివైపు.

కుడి అంచు నించి జానెడు లోపల. పొద్దున మొదట్లో, కథ మొదలుపెట్టినప్పుడు, వాడికి కాటుక రాక్షసుడి సంగతి చెబుతూ చెబుతూ నేను అతికిన చోటు.

తల తిప్పి చూస్తే గుమ్మంలో చౌడేశ్వరమ్మ. చప్పుడు విన్నది. ఏ వైపో చూసింది. వెళ్లి పొయ్యి వెలిగించింది. కానీ ఆ తర్వాత చచ్చేదాకా నా పక్కన కూర్చుని అచ్చు అతకలేదు. చేతులు వణుకుతున్నాయనేది.

నేనేం చేశానంటావా? ఆ మిగిలిన పోగు తెచ్చి అక్కడ అతికాను. చీర నేశాను. గన్నవరం వాళ్లు మెచ్చుకున్నారు. బస్సెక్కితే రెండు గంటల దారి బెజవాడ. వెళ్లి, 'తప్పు నా వైపేరా' అంటే అయిపోయేది. రేపు వెళదామనుకున్నాను. తర్వాత దసరా అనుకున్నాను. ఏడాది గడిచాక, ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటాడేమోనని భయమేసింది. పదేళ్లయ్యాక ఇక చెప్పడానికి మాటే దొరకలేదు.

వెంకటకృష్ణారావు కర్ర తప్పని నలభై ఏళ్లు పగపట్టాను చూడు. వాడు నలుగురిలో అన్నది బెత్తెడు. నేను నా కొడుకుని అన్నది... పోనీలే.

ఇంకొకటి ఉంది. అదీ చెబుతాను, లేకపోతే ఈ కథ నీకు కుదరదు.

వరదలో రెండో రోజు మా పక్కింటి ఫిలిప్ ఫోను పట్టుకుని మగ్గం దగ్గరికి వచ్చాడు. 'బాబాయ్, జ్ఞానేశ్వరన్న. మేడమీదున్నారంట. ఛార్జింగ్ అయిపోతోందంట, మీతో ఒక్క మాట అంటున్నాడు' అన్నాడు. స్పీకరు పెట్టి నా ముందు పెట్టాడు. నీళ్ల హోరు వినిపిస్తోంది. జనం అరుపులు. అందులోంచి వాడి గొంతు.

'నాన్నా' అన్నాడు.

ముప్ఫై ఏళ్ల తర్వాత. అదే గొంతు, కాస్త బొంగురుపోయింది.

నా చేతిలో నాడె ఉంది. నాడె కింద పెట్టి ఫోను అందుకోవాలి, అంతే పని. నేను ఫిలిప్‌కేసి చూసి, 'పనిమీదున్నానని చెప్పు' అన్నాను.

కోపమనుకుంటున్నావా? కాదమ్మా. వాడు క్షమించానంటాడేమోనని. అలా అంటే నా తప్పు నేను ఒప్పుకోవాలిగా.

ఫిలిప్ చెప్పేలోగా ఫోను ఆగిపోయింది. నా మాట వాడికి వినపడిందో లేదో తెలీదు. నువ్వు మేడమీద పక్కనే ఉన్నావు కదా. నీకు తెలుస్తుంది. వినపడిందా?

చెప్పకు. వద్దు, చెప్పకు.

ఇదిగో, ఇది తీసుకో. మీ నాన్న ఆ రోజు తీసి మగ్గంమీద పెట్టిన పోగు. మగ్గం గుంట పక్క గూట్లో ఉంది ఇన్నాళ్లూ. నీకే ఇవ్వాలని తెచ్చాను, కథ చెప్పడం వంక. నీకు కథ చెప్పడానికే అయితే ఫోనులో చెప్పేవాణ్ణి, ఆరింటి బస్సు ఎక్కే వయసా నాది?

అదేమిటి, ఆ ఎర్ర దీపం వెలుగుతూనే ఉందే. ఆపమన్నానుగా.

మొదటి నించీ వెలుగుతోందా? ఆపలేదా నువ్వు?

నీ తండ్రి పోలికే. చెప్పినమాట వినడు.

ఉండనీ. ముట్టుకోకు, ఉండనీ అంటున్నాను. కాగితం తీసుకో. గురువుని కొట్టెయ్యి, సవతితల్లినీ కొట్టెయ్యి. ఇలా రాయి. ఒంటిపోగు ఒక నేతగాడి కొడుకు. వాళ్ల నాన్నకి పని బాగా వచ్చు, అంతకుమించి ఏమీ రాదు. తప్పు ఆ నాన్నది. ఏడుసార్లూ ఆ ప్రశ్న వస్తుంది చూడు, అక్కడ పిల్లల చేత 'ఎవరికీ తెలీదు' అనిపించకు. 'ఆదిశేషయ్య కొడుకు' అనిపించు. నా పేరు పెట్టే రాయి.

చివర్న 'నాన్నా' అని మీ నాన్న కలిపిన మాట, అది ఉంచు. దాని కింద ఇంకొక్క ముక్క ఉండాలి, అది నేనే చెబుతాను, నా గొంతే పెట్టు. వేరేవాళ్ల చేత చదివించకు.

వెలుగుతోందిగా?

తండ్రికి వినపడింది. లేవలేదు.

అంతే. ఇక ఫ్యాను వేసుకో తల్లీ.